పంతొమ్మిదో నంబరు

కొలంబస్, ఒహాయో
26 ఫిబ్రవరి 1989

అక్కా,

ఫోన్ చేస్తే రెండో నిమిషానికే అరుచుకుంటున్నాం. తాతను సాగనంపిన రోజు చర్చి మెట్ల మీద అరుచుకున్నది చాలు. ఫాదర్ గారు ఇప్పటికీ మన కోసం ప్రార్థిస్తూ ఉండుంటారు. అందుకే ఉత్తరం. కాగితం మీద ఎంత అరిచినా పక్కవాటా వాళ్ళకి వినపడదు.

నువ్వు పంపిన పార్సిల్ అందింది. తాత బేస్‌బాల్ గ్లౌజు. పేపర్లో చుట్టి, పురికొస కట్టి, పైన ‘జాగ్రత్త’ అని రాశావు. ఏం జాగ్రత్త? యాభై ఏళ్ళకు పైగా వానకు తడిసి, ఎండకు ఎండి, బూటు లేసులతో కుట్లు వేయించుకున్న తోలుముక్క. పైగా ఎడమచేతివాటం వాళ్ళు కుడిచేతికి తొడుక్కునే రకం. నాది కుడిచేతివాటమని తాతకు తెలియదా? బోడితలకు దువ్వెన ఇచ్చినట్టుంది.

కార్డుల పెట్టె మాత్రం నీకు. తాత వీలునామా అంటే చర్చి కరపత్రం వెనక పెన్సిల్‌తో రెండే ముక్కలు. ‘పెట్టె బెర్నడీన్‌కి. గ్లౌజు టెస్సాకి.’ అమ్మానాన్నా పోయాక మనిద్దర్నీ ఎడమచేత్తో పెంచాడు, ఎడమచేత్తోనే పంచాడు. మీ ఇద్దరిదీ ఒకే చేతివాటం కదా. అన్నం దగ్గర కూడా మోచేతులు తగలకుండా బల్లకు ఆ చివర మీ ఇద్దరూ, ఈ చివర నేనూ. అప్పుడే అర్థమై ఉండాల్సింది నాకు.

నేను చేసే ఉద్యోగం ఏమిటో నీకు గుర్తుందా? సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, పాత బేస్‌బాల్ కార్డుల ధరల పుస్తకం టైపు చేస్తున్నాను. నెలనెలా ఏ కార్డుకు పైకి బాణం, ఏ కార్డుకు కిందికి బాణం అని. మన ఇంట్లో ఆ పెట్టె విలువ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయి. నంబర్లతో సహా.

నీ చెల్లెలు (ఆ మాట ఇంకా చెల్లుతుంటే),
టెస్సా

*

ఆల్టూనా, పెన్సిల్వేనియా
8 మార్చి 1989

టెస్సా,

చెల్లుతుందిలే. కోపంలో కూడా పొట్టిగా రాయలేవు కదా నువ్వు.

లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. ఒకటి నుంచి ముప్ఫై రెండు దాకా వరసగా ఉన్నాయి, పంతొమ్మిది తప్ప. మూలలు ఇంకా పదునుగానే ఉన్నాయి. మూత తీస్తే చుట్ట వాసన, దాని వెనక ఎక్కడో మిఠాయి వాసన. వాన పడిన ఆదివారాలు తాతా నేనూ వంటింటి బల్ల మీద పరిచేవాళ్ళం. నాకు ఉబ్బసం కదా, బయటికి పోనిచ్చేవాడు కాదు. ఎండ కాసిన ఆదివారాలు నీవి. ఆ సంగతి నీకు గుర్తున్నట్టు లేదు.

నాకు రైల్వే ఆఫీసులో సరుకు బండ్ల చీటీలు రాసే పనే. సాహిత్యం చదివినవాళ్ళకి విసుగు పుట్టే ఉద్యోగం ఎలా ఉంటుందో, అది కూడా నాకు అందలేదు. శుక్రవారం చర్చి కింది హాల్లో బంగాళదుంప కూరి, కజ్జికాయల్లా మడిచి, నాలుగు వందల పిరోగీలు ఒత్తాం. వేళ్ళకి ఇంకా పిండి వాసన.

గ్లౌజు ఎలా ఉంది? నూనె రాస్తున్నావా? హీటర్ దగ్గర పెట్టకు, తోలు పగులుతుంది.

బెర్నడీన్

*

కొలంబస్
2 ఏప్రిల్ 1989

అక్కా,

నూనె రాయలేదు. బీరువా కింద పెట్టాను.

పంతొమ్మిది లేదని అంత తేలిగ్గా రాసేశావే! ఏం లేదో తెలిసి రాశావా, తెలియక రాశావా?

చెబుతాను విను. 1932లో టటిల్ మిఠాయి కంపెనీ ఒక్కో మిఠాయితో ఒక్కో ఆటగాడి కార్డు ఇచ్చేది. ముప్ఫై రెండూ కూడబెట్టి పంపిన పిల్లలకు బహుమతి అని ప్రకటన, ఏం బహుమతో మా పుస్తకంలో లేదు. పిల్లలు మిఠాయి తిని తిని పళ్ళు పుచ్చగొట్టుకున్నారు. పంతొమ్మిది మాత్రం ఎవడికీ రాదు. కంపెనీవాళ్ళు దాన్ని గుప్పెడే అచ్చువేశారు మరి! మిగతావి వేలల్లో, ఇది పదుల్లో. దాని మీది బొమ్మ క్లెమ్ వాండర్‌హూఫ్ అనే ఒక మూడో బేస్ ఆటగాడిది. రెండేళ్ళు ఆడి ఇంటికి పోయాడు, వాళ్ళ ఊరివాళ్ళకే గుర్తులేడు. అయినా ఈ దేశంలో ముసలాళ్ళంతా కలవరించేది వాడినే. గొప్పవాడని కాదు, దొరకడని.

పోయిన శనివారం హోటల్ హాల్లో కార్డుల సంతకు వెళ్ళాను. చొక్కా జేబులో భూతద్దాలు పెట్టుకున్న మగవాళ్ళు మూడు వందల మంది. కార్డును దీపానికి ఎత్తి చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. పక్కవాడి చేతిలో మంచిది కనిపిస్తే నవ్వుతూ “బాగుందండీ, ఈ మూల కొంచెం నలిగినట్టుందే” అంటారు. ఆ నవ్వు చూడాలి నువ్వు! ప్రతివాడి కథా ఒకటే, “నా దగ్గరా ఉండేవి, మా అమ్మ పారేసింది” అని. అమ్మలు పారేయకుండా దాచి ఉంటే వీటిని ఎవడు అడిగేవాడు? మా ఆఫీసు కింద కొట్టు ఉన్న ట్వీడీ గారి దగ్గర ఒక పంతొమ్మిది ఉంది. మధ్యలో బెజ్జం పడినది. బహుమతికి పంపితే కంపెనీవాళ్ళు మళ్ళీ వాడకుండా బెజ్జం కొట్టేవారట. బెజ్జం పడినదాన్ని కూడా అద్దాల పెట్టెలో తాళం వేసి ఉంచాడు, ఎవరికీ అమ్మడు.

ఇక అసలు మాట. తాతకు పంతొమ్మిది దొరికింది. నాకు ఆయనే చెప్పాడు. పెరట్లో బంతి విసురుకుంటూ “పంతొమ్మిది దొరికిందా తాతా?” అంటే, “ఎందుకు దొరకలేదూ, ఇదిగో!” అని గ్లౌజులో పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, “ఊఁ, విసురు” అనేవాడు. ఎప్పుడడిగినా అంతే, మాట మార్చేసేవాడు. ఎందుకు మార్చాడో ఇప్పుడు తెలుస్తోంది.

బహుమతికి పంపేశాడేమో అనకు. రైలింజన్ల షాపులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి కంపెనీ మాట నమ్ముతాడా? నెలనెలా నేనే టైపు చేస్తాను: ‘టటిల్ కంపెనీ ఏ పిల్లవాడికైనా బహుమతి ఇచ్చినట్టు ఆధారం లేదు.’ పంపినవాళ్ళందరికీ టోపీ పెట్టారు.

మరి పంతొమ్మిది ఏదీ?

టెస్సా

*

ఆల్టూనా
17 ఏప్రిల్ 1989

టెస్సా,

పెట్టెలో ఉన్నవే ఉన్నాయి. నేను తినలేదు.

బీరువా కింద పెట్టావా? ఎలకలుంటాయే అక్కడ! తీసి అరలో పెట్టు. లోపల ఒక పాత బంతి ఉంచి, పైన గుడ్డ చుట్టు. లేకపోతే అరచేతిలో గుంట పూడిపోతుంది. తాత ఎప్పుడూ అలాగే చేసేవాడు.

నాకు కారొచ్చింది. పచ్చరంగుది, తలుపు ఒకటి తెరుచుకోదు. ఎలా వచ్చిందో చెబితే నవ్వుతావు, కలిసినప్పుడు చెబుతాను. నిన్ను ఒకటి అడగాలి కూడా. ఫిబ్రవరి నుంచీ అనుకుంటున్నాను. ఉత్తరంలో అడగడానికి సిగ్గుగా ఉంది. ఈస్టర్‌కి వస్తావనుకున్నాను, రాలేదు.

బెర్నడీన్

*

కొలంబస్
9 మే 1989

బెర్నడీన్,

ఈసారి అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

ఇవాళ పొద్దున్న జూన్ సంచిక టైపు చేస్తున్నాను. మూడో పేజీలో ఈ ముక్క వచ్చింది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: ‘పిట్స్‌బర్గ్ సంతలో టటిల్ పంతొమ్మిదో నంబరు ఒకటి చేతులు మారింది. అమ్మినది మధ్య పెన్సిల్వేనియాకు చెందిన ఒక మహిళ. పేరు చెప్పడానికి ఇష్టపడలేదు.’

నా వేళ్ళతో నేనే టైపు చేశాను. పక్కన పైకి బాణం కూడా నేనే పెట్టాను.

కారొచ్చింది! ఎలాగో చెబితే నవ్వుతాను! ఉత్తరంలో చెప్పడానికి సిగ్గు! ఉండదూ మరి? పైగా ప్రతి ఉత్తరంలోనూ గ్లౌజుకు నూనె రాశావా, గుడ్డ చుట్టావా అని. పంచభక్ష్యాలూ నువ్వు తిని, విస్తరాకు కడుక్కున్నావా అని నన్ను అడిగినట్టు.

నీకు నా మీద ఎప్పుడూ ఈ కుళ్ళే. నేను చదువుకున్నానని, ఊరు దాటానని. నిజం చెప్పనా, నాకూ నీ మీద ఎప్పుడూ ఇదే. వాన పడితే చాలు, వంటింట్లో నువ్వూ తాతా తలలు దగ్గర పెట్టుకుని కూచునేవారు. నేను వస్తే “తడిచేతులతో ముట్టుకోకు” అనేవారు. ఇద్దరూ ఒక్క గొంతుతో.

అమ్మితే అమ్మావు. ఒక్క మాట చెప్పి అమ్మాల్సింది.

టెస్సా

*

ఆల్టూనా
13 మే 1989

టెస్సా,

నేను పిట్స్‌బర్గ్ వెళ్ళలేదు.

బెర్నడీన్

*

కొలంబస్
3 జూన్ 1989

అక్కా,

మళ్ళీ అక్కా అంటున్నాను చూశావా? నాకిప్పుడు కోపం లేదు. ఎందుకో తెలుసా? నా ముందు, టైపు మిషన్ పక్కన, అద్దపు రేకుల మధ్య పంతొమ్మిదో నంబరు ఉంది. నాది.

గ్లౌజు ఒక సంచిలో వేసుకుని ట్వీడీ గారి కొట్టుకు వెళ్ళాను. మూలకు పడి ఉన్న తోలుముక్కకు ఏదో ఒక పాత కార్డు ఇస్తాడేమో అనుకున్నాను, అంతే. ఆయన మొదట నవ్వాడు. “ఏం అమ్మాయీ, ఎలకలు పిల్లలు పెట్టాయా ఇందులో?” అన్నాడు. తర్వాత మణికట్టు దగ్గర మడత ఎత్తి చూశాడు. అక్కడ గంట బొమ్మ ముద్ర ఒకటి ఉంది కదా, ఆవుల మెడలో కట్టే గంటలాంటిది, తోలు పదును చేసిన వాళ్ళ గుర్తు. దాన్నే చాలాసేపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

“మీ తాతది ఏ ఊరు?”

“ఆల్టూనా.”

“ఎడమచేతివాటమా?”

“అవును. ఏం?”

“ఏం లేదు. నీకేం కావాలి?”

నాకు నోరు ఊరుకుంటుందా! అద్దాల పెట్టె వైపు వేలు పెట్టి, “అదిగో, మా అక్క మొహాన కొట్టడానికి అది కావాలి” అన్నాను. సరదాకే అన్నాను. ఆయన తాళంచెవి తీశాడు.

బెజ్జం సరిగ్గా వాండర్‌హూఫ్ గుండె మీద పడింది. వెనక సిరాతో ఒక పిల్లాడి పేరు, గుండ్రటి అక్షరాలు: డెల్మార్ కోక్, డేటన్. బహుమతికి పంపేవాళ్ళు పేరు రాయాలట. పాపం, వాడికీ టోపీయే.

అయినా పంతొమ్మిది పంతొమ్మిదే. ఇప్పుడు నీ దగ్గర ముప్ఫై ఒకటి, నా దగ్గర ఒకటి. నీ ముప్ఫై ఒకటీ కలిపినా నా ఒక్కదానికి సరిపోవు. తాత లెక్క తాత వేసుకున్నాడు, నా లెక్క నేను సరిచేసుకున్నాను.

టెస్సా

*

ఆల్టూనా
3 జూన్ 1989

టెస్సా,

పోయిన నెల నీకు ఒక్క వాక్యం రాశాను. అంతకంటే ఎక్కువ రాస్తే అన్నీ తిట్లే అయ్యేవి. మూడు వారాలైంది, ఇప్పుడు మిగతాది రాస్తున్నాను.

ముందు కారు సంగతి. పక్కింటి యూరిక్ గారికి చూపు ఆనడం లేదు. ఆవిడ కారు నాకిచ్చి, బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం చర్చికి తీసుకెళ్ళాలని షరతు పెట్టింది. దారి పొడవునా “బ్రేకు వెయ్యవే, బ్రేకు!” అని అరుస్తుంది. కనపడకపోయినా. అదీ నవ్వొచ్చే విషయం.

ఇక పంతొమ్మిది. నీ మాటతో నాకు పంతం పుట్టింది. పెట్టెలోవన్నీ బల్ల మీద బోర్లించాను. అడుగున గోధుమరంగు కాగితం అతికించి ఉంది కదా, అది ఒక పక్క ఊడింది. దాని కింద మడతపెట్టిన ఉత్తరం. పైన టటిల్ కంపెనీ పేరు, గంట బొమ్మ అచ్చువేసి ఉన్నాయి. తేదీ 1932 అక్టోబరు. నకలు రాస్తున్నాను:

‘మాస్టర్ స్టీఫెన్ హ్రింకోకు. మీరు పంపిన ముప్ఫై రెండు కార్డులు అందాయి. నిబంధన ప్రకారం పంతొమ్మిదో నంబరును రద్దుచేసి మా దగ్గర ఉంచుకున్నాం. మిగతా ముప్ఫై ఒకటీ మీ జ్ఞాపకం కోసం తిప్పి పంపుతున్నాం. మీరు ఎడమచేతివాటమని రాసినందున, మా దగ్గర ఉన్నవి మీకు పనికిరావు కనుక, బహుమతి గ్లౌజును మీ కొలతకు ప్రత్యేకంగా కుట్టించి పంపుతున్నాం. బాగా ఆడండి.’

కంపెనీ టోపీ పెట్టలేదే పిల్లా. తాతకు పన్నెండేళ్ళప్పుడు పంతొమ్మిది దొరికింది. దాన్ని ఇచ్చి గ్లౌజు తెచ్చుకున్నాడు. నువ్వు అడిగిన ప్రతిసారీ ఆయన నిజమే చెప్పాడు, ‘ఇదిగో’ అని. గుద్ది మరీ చెప్పాడు.

కాబట్టి పంతొమ్మిది ఎప్పుడూ నీ దగ్గరే ఉంది. బీరువా కింద.

సరే, సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఫిబ్రవరి నుంచి అడగలేక నూనె సంగతి అడుగుతూ వచ్చాను. పెట్టె మొత్తం నువ్వు తీసుకో. ముప్ఫై ఒకటీ నీవే. గ్లౌజు నాకివ్వు. నాకు సరిపోతుందని కాదు. ఎండ కాసిన ఆదివారాలు వంటింటి కిటికీ దగ్గర కూచుని చూసేదాన్ని. గుమ్మం తీస్తే దగ్గొస్తుంది. నువ్వు విసురుతావు, ఆయన పడతాడు, చప్! గాజు ఇవతల నుంచి కూడా వినిపించేది. ‘చేతులు మంట పుడుతున్నాయే రాక్షసీ’ అని ఆయన నవ్వేవాడు. నా దగ్గర ఎప్పుడూ అలా నవ్వలేదు. నా దగ్గర మెల్లగా మాట్లాడేవాడు, రోగి దగ్గర మాట్లాడినట్టు. నీ మీద ఎంత అసూయ ఉండేదంటే, ఆదివారం వాన పడాలని శనివారం రాత్రి మోకాళ్ళ మీద కూచుని ప్రార్థన చేసేదాన్ని. చాలాసార్లు ఫలించింది కూడా. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

బదులు రాయి.

బెర్నడీన్

*

కొలంబస్
9 జూన్ 1989

అక్కా,

నా ఉత్తరం నీకు, నీ ఉత్తరం నాకు ఒకే రోజు అంది ఉంటాయి. నువ్వు నాది చదివి ఏం చేశావో ఊహించడానికి భయంగా ఉంది. నేను నీది నిలబడి మొదలుపెట్టి మెట్ల మీద కూచుని ముగించాను.

వెంటనే ట్వీడీ గారి కొట్టుకు పరిగెత్తాను. గ్లౌజు అద్దాల పెట్టెలో ఉంది, పంతొమ్మిది ఉన్న చోట. లోపల పాత బంతి పెట్టి, గుడ్డ చుట్టి. నువ్వు చెప్పినట్టే.

“మీకు ముందే తెలుసు కదా?” అన్నాను.

“గంట బొమ్మ చూశాక తెలిసింది.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అమ్మాయీ, నువ్వు మీ అక్క మొహాన కొట్టడానికి ఏదో ఒకటి కావాలన్నావు. మొహాన కొట్టడానికి కార్డు బాగుంటుంది. గ్లౌజు మెత్తగా ఉంటుంది.”

 పంతొమ్మిది తిరిగి ఇచ్చేస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. పంతొమ్మిదులు దేశం మొత్తంలో ఓ పాతిక ఉంటాయట, ఈ గ్లౌజు ఇంకొకటి ఎవరూ చూడలేదట. గ్లౌజు వచ్చిన పిల్లలు దాన్ని దాచుకోలేదు, ఆడుకున్నారు. ఆడీ ఆడీ చింపేశారు. కార్డులను అమ్మలు పారేశారు, గ్లౌజులను పిల్లలే అరగదీశారు.

తర్వాత ఆయనే ఇలా అన్నాడు. “తొమ్మిదేళ్ళప్పుడు నా దగ్గర ముప్ఫై ఒకటి ఉండేవి. మా వీధిలో ఒక్కడికి పంతొమ్మిది దొరికింది. వాణ్ణి చూస్తే నాకు కడుపు రగిలేది. వాడు డేటన్ పోయాక కూడా రగిలింది. వాడి పేరు కార్డు వెనక చదివావుగా?”

డెల్మార్ కోక్, అక్కా! ఆ కార్డును ముప్ఫై ఏళ్ళు వెతికి కొన్నాడట. అది మళ్ళీ వాడి చేతికి దొరక్కుండా చెయ్యడానికి. అప్పటికి వాడు చచ్చిపోయి ఐదేళ్ళు.

అప్పుడు అడిగాడు. “మీ అక్క దగ్గర ముప్ఫై ఒకటీ ఉన్నాయా? బెజ్జాలు లేకుండా?” ఉన్నాయన్నాను. “అయితే ముప్ఫై రెండూ తీసుకురా. గ్లౌజు తీసుకుపో. కంపెనీవాళ్ళ షరతే నాదీ.” ఈ గ్లౌజును ఎవరికి చూపినా నమ్మరట. బహుమతి ఇచ్చిన ఆధారం లేదని ధరల పుస్తకంలోనే ఉంది కదా అన్నాడు. ఆ వాక్యం నేను టైపు చేసేదే. కార్డులైతే అందరూ నమ్ముతారు.

ముప్ఫై ఒకటీ నీవి. అడిగే మొహం నాకు లేదు. అడగడం లేదు. జరిగింది రాశాను, అంతే.

టెస్సా

*

ఆల్టూనా
15 జూన్ 1989

టెస్సా,

నీ మూడో తేదీ ఉత్తరం చదివి ఏం చేశానంటే, పచ్చకారు వేసుకుని కొండ మలుపు దాకా వెళ్ళి అద్దాలన్నీ ఎక్కించుకుని అరిచాను. యూరిక్ గారు లేని సమయం చూసి. నీ పేరు పెట్టి అరిచాను. అవి ఇక్కడ రాయను.

ఈ పార్సిల్‌లో ముప్ఫై ఒకటీ ఉన్నాయి. లెక్కపెట్టుకో. ఒక్కొక్కటీ మైనపు కాగితంలో చుట్టాను, ఎడమచేత్తో. స్కూల్లో సిస్టర్లు కొట్టి మాన్పించిన చెయ్యి, ఇలాంటి పనులకు ఇప్పటికీ అదే ముందుకొస్తుంది. నీ ఒకటి కలుపు. ఎవరివి ఎక్కువ, ఎవరివి తక్కువ అనే గొడవ లేదిప్పుడు, ముప్ఫై రెండు అంతే.

పెట్టె మాత్రం పంపడం లేదు. అందులోని ఉత్తరం కూడా.

ఒక్క సంగతి. కంపెనీ ఉత్తరం గురించి ఆ ట్వీడీ గారు అడిగాడా? లేదు కదా. ఆయన అడగలేదు, నువ్వు చెప్పకు.

బెర్నడీన్

*

కొలంబస్
27 జూన్ 1989

అక్కా,

అయింది.

కార్డులు బల్ల మీద ఒక్కొక్కటే పరిచాను. ట్వీడీ గారు కళ్ళజోడు తుడుచుకుని, తొమ్మిదేళ్ళవాడిలా వేలు పెట్టి పైకే లెక్కపెట్టాడు. పద్దెనిమిది దగ్గర ఆగాడు. నా వైపు చూశాడు. నేను బెజ్జం పడిన వాండర్‌హూఫ్‌ను పెట్టాను. “పంతొమ్మిది, ఇరవై” అని కొనసాగించాడు. ముప్ఫై రెండు అయ్యాక మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. అంతా అయ్యాక గ్లౌజు నా చేతిలో పెట్టాడు. దాన్ని సంచిలో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళానో లేదో, వెనక నుంచి పిలిచాడు.

“ఇంతకీ అమ్మాయీ, అది మీ తాతకు కంపెనీ పంపిందనడానికి కాగితం ఏమైనా ఉందా మీ ఇంట్లో?”

“ఉందండీ. కంపెనీ ఉత్తరం, తేదీతో సహా. మా అక్క దగ్గర.”

“మరి చెప్పలేదేం?”

“మీరు అడగలేదు.”

 తిడతాడనుకున్నాను. నవ్వాడు. సంతలో మగవాళ్ళు నవ్వే నవ్వు. “మీ అక్కను ఒకసారి చూడాలి” అన్నాడు.

మధ్యాహ్నం ఆగస్టు సంచిక మొదలుపెట్టాను. ‘టటిల్ కంపెనీ ఏ పిల్లవాడికైనా బహుమతి ఇచ్చినట్టు ఆధారం లేదు.’ ఎప్పటిలాగే టైపు చేశాను. ఒక్క అక్షరం మార్చలేదు. అబద్ధమని తెలిసి టైపు చేయడం ఇదే మొదలు, ఎంత బాగుందో! ఆ వాక్యం ఉన్నన్నాళ్ళూ మన గ్లౌజు జోలికి ఎవరూ రారు.

గ్లౌజు నీకు పంపుతున్నాను. నూనె రాశాను. పైన ‘జాగ్రత్త’ అని రాశాను. నీ చేతికి సరిపోతుంది, నాకు ఎప్పుడూ సరిపోలేదు. తాత పేర్లు తారుమారు చేశాడనే ఇప్పటికీ నా అనుమానం.

నీ చెల్లెలు,
టెస్సా

*

ఆల్టూనా
5 జూలై 1989

టెస్సా,

నిన్న స్వాతంత్ర్య దినానికి అందరూ టపాకాయలు కాలుస్తుంటే నేను వంటింట్లో పార్సిల్ విప్పాను. కుడిచెయ్యి పెట్టాను. సరిపోయింది. వేళ్ళ దగ్గర తాత వేళ్ళంత పొడుగు లేవు గానీ, సరిపోయింది.

నేను ఏడ్చాననుకుంటావేమో. లేదు. అరచేతిలో ఆ గుంట ఉందే, లోతుగా, నున్నగా, ఒకే చోట! వేళ్ళతో తడిమి చూశాను. అది తాత చేసింది కాదు, కంపెనీ చేసింది కాదు. ఏడెనిమిదేళ్ళు, ఎండ కాసిన ప్రతి ఆదివారం, నువ్వు విసిరిన బంతులు చేసిన గుంట అది. ఆయన తారుమారు ఏమీ చెయ్యలేదే. నీ వస్తువు నీకిచ్చాడు. అది చేతికి తగిలించుకుని నిలబడితే నాకొచ్చింది ఏడుపు కాదు. కిటికీ దగ్గర కూచున్నప్పుడు వచ్చేదే, అదే. ముప్ఫై ఒకటి ఇచ్చి తెచ్చుకున్నా పోలేదు.

అందుకని ఒకటి ఆలోచించాను. గుంట నీది, చెయ్యి నాది. ఇక్కడ ఆదివారం ఎండ కాస్తుందని రేడియోలో చెప్పారు. మందు పీల్చుకునే గొట్టం జేబులో పెట్టుకుంటాను. మెల్లగా విసురు, రోగిష్టిదాన్ని.

మరీ మెల్లగా వద్దు. చప్పుడు రావాలి.

వచ్చేటప్పుడు బంతి తే. నా దగ్గర ఎప్పుడూ లేదు.

అక్క